మొదటి ఫోన్ ఎత్తిన మనిషి

ఆదివారం పూటైనా ఆ ఇంట్లో కాఫీ ప్రశాంతంగా గొంతు దిగదు. కూతురు రాసిన పుస్తకం అచ్చుకు వెళ్లేముందు ఒకసారి చదవమని ఇస్తే, తండ్రి ఆ కాగితాలు పట్టుకుని కుతకుత ఉడికిపోతున్నాడు. నలభై ఏళ్ల కిందట ఒక రంగుల ఫ్యాక్టరీ యజమానురాలిని దుండగులు ఎత్తుకుపోయి పద్దెనిమిది రోజులు బంధించిన ఉదంతం మీద రాసిన పుస్తకమది. ఆ యజమానురాలు ఎవరో కాదు, వంటగదిలో పాలు కాస్తున్న ఆ కూతురి తల్లే.

"ఐదో అధ్యాయం తీసెయ్," అన్నాడు తండ్రి, కాగితాలు బల్ల మీద విసిరేసి.

"తియ్యను. అందులో ఒక్క ముక్క అబద్ధముందా?" కూతురు గయ్యిమంది. "వాళ్లు మొదటిరోజే ఇంటికి ఫోన్ చేశారు. ఎవరో ఎత్తి, మాట వినకుండా పెట్టేశారు. పోలీసు ఫైల్లోనే ఉంది. ఆరోజు జ్వరమని ఇంట్లో ఉన్న పెద్దమనిషివి నువ్వొక్కడివే!"

"గుర్తులేదని చెప్పాగా."

"నీకు గుర్తుండదు! ఆ ఫోన్ పెట్టెయ్యకపోతే అమ్మ రెండోరోజుకే ఇంటికొచ్చేది."

తండ్రి ముఖం కందగడ్డయింది. విసిరేసిన కాగితాలు మళ్లీ దగ్గరికి లాక్కుని సర్దసాగాడు. అది చూసి కూతురికి ఒళ్లు మండిపోయింది.

"చూడు, తేలు కుట్టిన దొంగలా ఎలా కూర్చున్నావో!"

తల్లి పొయ్యి ఆర్పి గుమ్మంలోకి వచ్చింది. వందమంది పనివాళ్లను కంటిచూపుతో నడిపిన మనిషి. ఇప్పుడు అదే చూపు కూతురి మీద పడింది.

"ఇక చాల్లే. ఆ ఫోన్ ఎత్తింది నువ్వు."

"నువ్వూరుకో!" తండ్రి అరిచాడు.

"మీ మాట మీద నలభై ఏళ్లు ఊరుకున్నాను. రేపు పుస్తకం చదివి లోకమంతా మిమ్మల్ని ఛీ అన్నా ఊరుకోవాలా?" కూతురి వైపు తిరిగింది. "ఫ్యాక్టరీ గొడవలు ఇంట్లోకి రాకూడదని, ఎవరు ఫోన్ చేసినా 'అమ్మ ఫ్యాక్టరీలో ఉంది, అక్కడికి చెయ్యండి' అని పెట్టెయ్యమని నీకు నేను నేర్పాను. ఆరేళ్లదానివి. వాడు 'మీ అమ్మ మా దగ్గరుంది' అంటే, నువ్వు అదే పాఠం అప్పజెప్పి పెట్టేశావు. నేను వాడి పక్కనే ఉండి నీ గొంతు విన్నాను. ఎగతాళి చేస్తున్నారనుకుని వాళ్లు మండిపడి, నన్ను వేరే చోటికి మార్చేశారు. తప్పంటూ ఉంటే నాది. ఆయనది కాదు."

కూతురు తండ్రి వైపు తిరిగింది. పుస్తకం మొదలుపెట్టిన ఈ రెండేళ్లుగా ఈ మనిషినేనా తను దోషిలా నిలబెట్టి అడిగింది?

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"ఏం చెప్పను? మీ అమ్మ పడ్డ నరకమంతా నీవల్లేనని ఆరేళ్ల పిల్లకు చెప్పనా?" ఆయన కసిరాడు. "పెద్దయ్యాక చెబుదామనుకున్నా. అప్పటికి నన్ను తిట్టడం నీకు అలవాటైపోయింది."

ఆమె ఆయన మోకాళ్ల దగ్గర కూలబడి భోరుమంది. ఆయన చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది గానీ కోపం మాత్రం దిగలేదు.

"ఏడ్చింది చాలు. ఇప్పుడైనా ఆ అధ్యాయం తీసెయ్."

"తియ్యను," ముక్కు తుడుచుకుంటూ అంది. "ఫోన్ పెట్టేసింది నేనని రాస్తాను."

"రాశావంటే ఈ గడప తొక్కనివ్వను!" అన్నాడు తండ్రి, ఆమె తల మీంచి చెయ్యి తియ్యకుండానే.