కనుబొమ్మల దగ్గర ఆగిన ఫొటో

“ఆ ఫొటో ప్రింటైతే మీ అక్క ప్రాణం పోయినట్టే,” అన్నాడు చీఫ్.

ముంగిస అనే మారుపేరుతో పనిచేసే ఏజెంట్ ముందుకి వంగాడు. అతని అక్క శత్రుముఠాలో డబుల్ ఏజెంట్. బాస్‌కి సెక్రటరీ. ఆమె నవ్వితే చాలు, బాస్ చదవకుండానే సంతకాలు పెట్టేస్తాడు. ఇప్పుడు విదేశంలోని ముఠా పైవాళ్లు తమలోని ద్రోహి ఫొటో బాస్‌కి పంపుతున్నారు. రహస్యం పొక్కకూడదని బాస్ తన కంప్యూటర్‌కి మానిటరే పెట్టలేదు. ఏది వచ్చినా కాగితం మీదే చూడాలి.

“ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంటోందని మెకానిక్‌ని పిలిచారు. ఆ మెకానిక్‌వి నువ్వే.” చీఫ్ చిన్న ప్లగ్ ఇచ్చాడు. “కంప్యూటర్ వెనక ప్రింటర్ కేబుల్ తగిలించే పోర్టులోంచి ఎనిమిది వైర్లు డేటా మోస్తాయి. ‘బిజీగా ఉన్నా, ఆగు’ అని ప్రింటర్ తిరిగి చెప్పడానికి ఇంకో వైరుంది. ఈ ప్లగ్ పోర్టుకి పెడితే ఎప్పుడూ అదే మాట చెప్తుంది. మనవాళ్లు చేరేదాకా ఆపు, చాలు.”

తీరా బాస్ గదిలోకి వచ్చాక పని చెప్పినంత తేలిగ్గా లేదు. కంప్యూటర్ వెనక కేబుల్ స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. స్క్రూడ్రైవర్ జారుతోంది. వెనక పిస్టల్‌తో బాస్.

“ఎంతసేపయ్యా?” అంది అక్క విసుగ్గా. వంగి ఫైలు తీస్తున్నట్టు నటిస్తూ గొణిగింది. “ఒక్క వైరు పీకడానికి ఇంత అవస్థా? చిన్నప్పటి నుంచీ ఇంతేరా నువ్వు!”

ముంగిసకి ఒళ్లు మండింది. అప్పుడే ప్రింటర్ కదిలింది. జుట్టు. పాపిట. నుదురు.

పళ్లు బిగించి తిప్పాడు. స్క్రూ ఊడింది. కేబుల్ పీకి, మధ్యలో ప్లగ్ పెట్టి మళ్లీ తగిలించాడు. అయినా ప్రింటర్ ఆగలేదు! పోర్టు దాటిపోయిన డేటా అప్పటికే ప్రింటర్ మెమరీలో కూర్చుంది. ఆ సంగతి మరిచిపోయినందుకు తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది. ఒక కనుబొమ్మ వచ్చింది. రెండోదీ వచ్చింది.

“పొగ వాసన సార్!” అని అరిచి ప్రింటర్ స్విచ్ కట్టేశాడు. మెమరీ ఖాళీ.

బాస్ కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. “ఈ నుదురు ఎక్కడో చూసినట్టుందే?”

“నుదురు అందరికీ ఉంటుంది కదా సార్,” అంది అక్క, జుట్టు ముందుకి లాక్కుంటూ.

స్విచ్ మళ్లీ వేశారు. ప్లగ్ ‘ఆగు’ అంటూనే ఉండటంతో కంప్యూటర్ మాత్రం ఏమీ పంపలేదు. బాస్ తిట్టాడు, టేబుల్‌ని తన్నాడు. పక్కగదిలోంచి ఇంకో ప్రింటర్ తెప్పించి అదే కేబుల్‌కి తగిలించాడు. అదీ అంతే. కోపం పట్టలేక కాగితాన్ని మళ్లీ చూశాడు. తలెత్తి అక్క వైపు చూశాడు.

“నీ జుట్టు పైకి తియ్యి.”

పిస్టల్ లేచింది. ముంగిస ప్రింటర్ ఎత్తి అతని చేతి మీదికి విసిరాడు. గుండు సీలింగ్‌లో దిగింది. తలుపు విరగ్గొట్టి కమాండోలు లోపలికి దూకారు.

చేతులకి సంకెళ్లు పడ్డాక కూడా బాస్ చూపు ముంగిస మీదే ఉంది. “ఒక్కటి చెప్పు. అసలు ఆ ప్రింటర్‌కి ఏమైంది?”

ముంగిస కేబుల్ నుంచి ప్లగ్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

“తెలీదు సార్. ప్రింటర్లన్నీ అంతే.”