అత్తగారి రెండంగుళాలు

"అసలు వీళ్ళు మనుషులేనా?" అని అడిగేశారు ప్రొఫెసరమ్మ!

కంప్యూటర్ తెరలో ఆవిడ ముఖం చూస్తున్న కోడలికి ముచ్చెమటలు పోశాయి. తెల్లవారితే ఆఖరి పరీక్ష. వైరస్ భయంతో కాలేజీకి తాళం వేశారు కాబట్టి, ఆ పరీక్ష కూడా పరాయిదేశపు హాస్టల్ గదిలో, మంచానికీ గోడకీ మధ్య కూర్చుని తెర మీదే ఇవ్వాలి. దర్జీలకు నడుము నొప్పి రాకుండా కుట్టుమిషన్ బల్ల ఎంత ఎత్తుండాలో తేల్చడం ఆమె చదువు. అందుకోసం నలభై మంది దర్జీల ఒంటి కొలతలు కావాలి. విమానాలు ఆగిపోయి తాను రాలేక, కాగితాలు పంపి ఇంటి దగ్గరే కొలిపించింది. తీరా చూస్తే ఆ నలభై మందికీ కాళ్ళూ చేతులూ ఉండాల్సిన దానికంటే పొడుగట!

"రేపటికి కారణం చెప్పలేకపోతే పట్టా రాదమ్మా. నెలాఖరుకి స్కాలర్‌షిప్ కూడా ఆగిపోతుంది" అని, పాపం, ఆవిడా బాధపడుతూనే చెప్పారు.

అయ్యో... రెండేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరేనా? మూడేళ్ళ పిల్లను వదిలి వచ్చింది! "చంకలో పిల్లను దించి చదువుకెళ్ళే తల్లిని నేనెక్కడా చూడలేదు" అన్నారు అత్తగారు ఆ రోజు గుమ్మంలో. అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఆవిడ కోడలితో మాట్లాడితే ఒట్టు! ఫోన్ మోగిందంటే చాలు, కుట్టుమిషన్ ముందు నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు పట్టా కూడా లేకుండా ఏ ముఖం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కాలి?

ఏడుపు దిగమింగుకుని భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, నిజం చెప్పండి. టేపు సరిగ్గానే పట్టారా?"

అటువైపు ఆ మహానుభావుడు నీళ్ళు నమిలాడు. దర్జీ ఇంట పుట్టి గుండీ కుట్టడం కూడా రాని మనిషి! తల్లి కుట్టిన బట్టలు ఇంటింటికీ చేర్చడమే ఆయన పని.

"అంటే... నేను కొలవలేదే."

"మరి?"

"అమ్మ కొలిచింది. నీకు చెప్తే చంపేస్తానంది! 'నువ్వు మెడ కొలిస్తే నడుమొస్తుంది, దాని చదువు తగలబెడతావా' అని టేపు లాక్కుంది. మాస్కు కట్టుకుని నలభై ఇళ్ళూ తనే తిరిగింది..."

రెండేళ్ళుగా తన పేరెత్తని మనిషి, ఈ వయసులో, ఈ రోగాల రోజుల్లో, తన కోసం గడప గడపా ఎక్కారా? ఇంక ఆపుకోలేక భోరుమంది.

"అత్తయ్యా... అక్కడే ఉన్నారా? నా చదువు పోయేలా ఉంది అత్తయ్యా! కొలతలన్నీ ఎక్కువొచ్చాయంటున్నారు..."

వంటింట్లో గిన్నె ఠంగుమని పడింది. మరుక్షణం ఫోన్ చేతులు మారింది.

"ఎవతే అన్నది? ముప్ఫై ఏళ్ళుగా టేపు పడుతున్నా! నా కొలతకి వంక పెట్టినవాళ్ళు ఇంకా పుట్టలేదు! ప్రతిదానికీ లెక్కగా రెండంగుళాలు కలిపే రాశాను, కావాలంటే చూసుకోమను!"

"కలిపారా...? ఎందుకత్తయ్యా?"

"ఎందుకేమిటే పిచ్చిమొహమా? పొడుగుకి మడత వదలొద్దూ? ఉన్నది ఉన్నట్టు రాస్తే ఒక్క ఉతుకుకి చొక్కా మోచేతి మీదకెక్కుతుంది!"

కోడలు ఏడుస్తూనే పకపకా నవ్వింది. కాగితాలు ముందేసుకుని ఒక్కో కొలతలోంచి రెండేసి అంగుళాలు తీసేసింది. అమ్మయ్య! నలభై మందీ చక్కగా మామూలు మనుషులైపోయారు.

"నా వల్లే కదే నీకీ గండం..." అన్నారు అత్తగారు ఫోన్లోంచి. "నీకు మంచి చేద్దామనే కలిపాను."

"మీరు కొలవకపోతే నా దగ్గర తప్పు కొలతలు కూడా ఉండేవి కావత్తయ్యా!"

మర్నాడు పరీక్షలో జరిగింది జరిగినట్టు చెప్పింది. పరీక్షకులు ముగ్గురూ పగలబడి నవ్వారు. "నిన్న రాత్రికి రాత్రే సరిపోయాయంటే నమ్మేదెలా?" అని ఒకాయన మాత్రం పట్టుబట్టాడు. వెంటనే భర్తను, ఆ నలభై మందిలో ఒకడైన పక్కింటి దర్జీని తెర మీదికి పిలిచి, దర్జీ చూపిన చోటల్లా భర్త చేత టేపు పట్టించి, అందరి కళ్ళముందే అతని కొలతలు మళ్ళీ తీయించింది. అచ్చంగా రెండంగుళాలే తేడా! పట్టా ఖాయమైంది. "మీ అత్తగారి వృత్తి ధర్మాన్ని కూడా రాయమ్మా" అని మరీ మెచ్చుకున్నారు ప్రొఫెసరమ్మ.

ఆ మాట చెబుదామని ఫోన్ చేస్తే మొదటి మోతకే అత్తగారు ఎత్తారు.

"గట్టెక్కానత్తయ్యా!"

"ఊఁ." కాసేపు ముక్కు చీదిన చప్పుడు. "ఇంతకీ ఆ విమానాలెప్పుడు మొదలవుతాయట?"

"ఏం అత్తయ్యా, పిల్ల అడగమందా?"

"పిల్ల స్నానానికెళ్ళింది. అడుగుతున్నది నేను."