తోమిన రాగి

కంటి కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే ఆ తల్లికి ఇల్లంతా మురికి మయంగా కనిపించింది. ఇన్నాళ్ళూ పొర కమ్మి తెలియలేదు గానీ, స్టవ్ మీద జిడ్డు, కిటికీలకి బూజు. వంగవద్దన్న డాక్టరు మాట గాలికొదిలి నడుం బిగించింది. వంటిల్లయ్యాక అలమర పక్కన కూతురు తన ప్రొఫెసరుకి అప్పజెప్పాలని తెచ్చిన పెట్టె మీద పడింది చూపు. లోపల మూడేసి సంచుల్లో చుట్టిన రాగి కడ్డీలు, మసకమసగ్గా ఉన్నాయి. పెద్దవాళ్ళకి అప్పజెప్పే సామాను ఇలాగేనా ఇచ్చేది? సంచులు కత్తిరించి, గిన్నెల పౌడరు వేసి, అద్దంలా తోమి గుడ్డ మీద ఆరబెట్టింది.

కూతురు తలకి తువ్వాలుతో స్నానాల గదిలోంచి వచ్చింది.

"ఎలా మెరుస్తున్నాయో చూడవే! ఇక ఎవరూ వంక పెట్టలేరు."

కూతురు నిలబడ్డ చోటే కూలబడింది.

"అమ్మా, ఇది మా యంత్రం కోసం ఎనిమిది నెలలు భూమి అడుగున పొరపొరగా పెంచిన రాగి. మేం వెతికే కృష్ణ పదార్థం, అదే డార్క్ మేటర్, కంటికి కనపడదు. ఎప్పుడైనా మా యంత్రాన్ని తాకితే గుసగుసంత చప్పుడు. నీ పౌడర్లోని మట్టిలో ఉండే రవ్వంత రేడియోధార్మికత అంతకన్నా గట్టిగా అరుస్తుంది."

"కడిగితే పోదా?"

"గీతల్లోకి దిగిపోయింది. పోయిందన్నా ఎవరూ నమ్మరు."

"అయితే చెప్పకు. కొత్త సంచుల్లో కట్టెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"చెప్పకపోతే ఆ మట్టి అరుపునే మేం వెతికేది అనుకుంటారు. లోకమంతా మోసపోతుంది."

తల్లికి ఉక్రోషం పొడుచుకొచ్చింది. "కనపడని దానికోసం ఇరవై ఏళ్ళు! మీ నాన్న పోయిన రోజునా ఆ ప్రయోగాల గనిలోనే ఉన్నావు. కనపడే మనుషులం నీ కంటికి ఎప్పుడు ఆనాం?"

"నిన్న ఆగింది ఎవరికోసం? పెట్టె దారిలో ఎక్కడా ఆగకూడదని రూలు. నీ కట్టు విప్పుతారంటే మనసొప్పక వచ్చాను. సోమవారం నా ఉద్యోగం పర్మినెంటో కాదో తేలుస్తారు. ఆడవాళ్ళకి గనికన్నా ఇల్లే ముందని కమిటీలో ఒకాయన అననే అన్నాడు. ఆ మాట నేనే నిజం చేశాను."

కూతురు ప్రొఫెసరుకి ఫోన్ చేసింది.

"పెట్టె దారిలో ఆపాను సార్. కడ్డీలు పాడయ్యాయి. తప్పు నాది."

ఆ మాటలో అమ్మ ఊసే లేదు. అది విన్నాక తల్లి ఉండబట్టలేక ఫోను లాక్కుంది. "అయ్యా, తోమింది నేను! నా తెలివితక్కువకి పిల్లని శిక్షించకండి."

"బాధగానే ఉందమ్మా. కానీ పెట్టె మీకు అప్పజెప్పలేదు కదా." ప్రొఫెసరు ఫోను పెట్టేశాడు.

తల్లి మెల్లగా నేల మీద కూతురి పక్కన చతికిలబడింది. ఆపరేషనైన కన్ను నీళ్ళకి భగ్గున మండింది.

"ఇంతకీ ఏమిటే అది? ఇన్నేళ్ళూ తిట్టిపోశానే గానీ ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. చెప్పు."

"చుక్కలన్నీ చెదిరిపోకుండా ఏదో పట్టి ఉంచుతోందమ్మా. బరువుంది, రూపం లేదు..."

"ఊ."

"అదేమిటో తెలుసుకుని..." కూతురు మోకాళ్ళలో ముఖం దాచుకుంది. వెక్కుతున్న ఆ వీపు నిమురుతూ తల్లి ఊ కొడుతూనే ఉంది.