మోకాలి లోతు మనిషి

తాండూరు నుంచి వికారాబాద్ పోయేటప్పుడు, రైలు పట్టాల కింద నుంచి పోయే ఒక దారి తగులుతుంది. జనం దాన్ని మునుగుడు మోరి అంటారు. వానకాలంలో చీకటి పడ్డాక అటు పోవద్దంటారు.

ఎందుకంటే... అక్కడ ఒకడు నిలబడతాడట.

మోరిలో నీళ్లు నిండిన రోజే నిలబడతాడట. నడిమధ్యన, మోకాలి దాకా నీళ్లలో — చేతులు ఊపుతూ.

మా దిక్కు ఒక అలవాటు ఉంది. వాగైనా, మోరైనా మేము నీళ్లను చూసి లోతు చెప్పము. నీళ్లలో నిలబడ్డ మనిషిని చూసి చెప్తాము. ముందు ఒకరు దిగుతారు. నీళ్లు ఆ మనిషి మోకాలికి వస్తే జీపు పోతుంది, నడుముకు వస్తే ట్రాక్టరు పోతుంది, రొమ్ముకు వస్తే అందరూ వెనక్కి పోతారు. మోరి గోడకు అడుగుల గీతలు గీసి ఉన్నాయి. వాటిని చూసేవాళ్లు లేరు. వాటి మీద ఎవరో కోచింగ్ సెంటరు పోస్టర్లు అంటించి పోయారు.

ఈ అలవాటు ఆ నిలబడేవాడికి బాగా తెలుసట. మోకాలి లోతే కదా అని నమ్మి దిగినవాళ్లు తిరిగి పైకి రారట. ఒక ట్రాక్టరు డ్రైవరు అట్లాగే పోయాడు. స్కూటరు మీద మొగుడూ పెళ్లాం పోయారు. ఆ ట్రాక్టరు డ్రైవరు ఆ రాత్రి పూటుగా తాగి ఉన్నాడని అతని సొంత తమ్ముడే నాతో అన్నాడు. కథ చెప్పేవాళ్లు ఆ ముక్క మాత్రం చెప్పరు.

ఇప్పుడు నేను రాసేది బాలస్వామి నాకు చెప్పింది. నేనేమీ కలపలేదు.

బాలస్వామిది యాలాల్. ఇరవై ఏళ్లుగా జీపు నడుపుతున్నాడు. తాగడు, అబద్ధమాడడు. ఆయన బిడ్డ నిరోషా ఎనిమిదో తరగతి. బడి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు.

ఆ బడికి గ్రౌండ్ లేదు. పీఈటీ నవీన్‌కుమార్ సారు, కంది కోసిన చేనును అడిగి తీసుకుని, రెండు నాపరాళ్లు నిలబెట్టి వాటినే గోల్‌పోస్టులు చేశాడు. మూడేళ్లు పిల్లలకు ఆట నేర్పాడు. చివరికి ఆ జట్టుకు హైదరాబాద్‌లో ఏడుగురేసి ఆడే ఒక మ్యాచ్ దొరికింది. ఆ మ్యాచ్ చూసి స్పోర్ట్స్ హాస్టల్‌కు పిల్లలను ఎంచుకుంటారు. చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. అయితే పద్నాలుగు నిండినవాళ్లను తీసుకోరు. నిరోషాకు పద్నాలుగు నిండడానికి ఇంక ఇరవై రోజులే ఉన్నాయి. ఈ మ్యాచ్ తప్పితే ఆ పిల్లకు ఇంకో మ్యాచ్ లేదు.

కాగితాల పని చూసుకోవడానికి సారు ముందురోజే పట్నం పోయాడు. పోతూ బాలస్వామికి గట్టిగా చెప్పాడు.

"వాన మస్తు పడేటట్టున్నది. మ్యాచ్ ఆగితే నేనే ఫోన్ చేస్త. ఫోన్ రాలేదంటే మ్యాచ్ ఉన్నట్టే. పొద్దుగాల ఎనిమిదింటికల్లా పిల్లలు గ్రౌండ్‌ల ఉండాలె."

ఆ సాయంత్రం ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. టీవీలో పట్నం చూపించారు — వీధుల్లో కార్లు తేలుతున్నాయి, మనుషులను పడవల్లో ఎక్కిస్తున్నారు. ఇంతలో కరెంటు పోయింది. కాసేపటికి సెల్ టవరు కూడా పోయింది.

ఫోన్ రాలేదు.

టవరు పోయినప్పుడు ఫోన్ ఎట్లా వస్తుంది? ఆ ఇంట్లో ఒక్కరికీ ఆ ప్రశ్న రాలేదు. మనకు కావలసింది ఒకటి ఉన్నప్పుడు, దానికి అడ్డం వచ్చే ప్రశ్నను మనం అడగము. రైళ్లు ఆగిపోయాయని తెలిసి, రాత్రి రెండున్నరకు బాలస్వామి జీపు తీశాడు. నిరోషాతో కలిపి ఎనిమిది మంది ఆడపిల్లలు.

ఆయన తల్లి రాహేలమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"పట్నం మునిగిందంటున్నరు. గీ వానల బంతాట ఎవడాడతడురా?"

"సారు ఫోన్ రాలేదు గదనే అమ్మా. నువ్వు దిగు. వచ్చి ఏం జేస్తవు, గోలు కొడ్తవా?"

"నిన్ను కొడ్త. ఎనిమిది మంది ఆడపిల్లలు, నువ్వొక్కనివి. నడువ్!"

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ ప్రయాణంలో నవ్వు అదే చివరిది.

తాండూరు దాటాక దారి మీద ఒక్క బండి లేదు. అద్దం తుడుస్తున్నకొద్దీ వాన కమ్ముతోంది. వెనక పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. నిరోషా మాత్రం నాయనమ్మ పక్కన మేలుకునే ఉంది. చేతి గ్లోవ్స్ తొడుక్కుని, తీసి, మళ్లీ తొడుక్కుంటోంది.

మోరి దగ్గర పడుతుండగా రాహేలమ్మ గొంతు తగ్గించింది.

"బాలసామీ... మునుగుడు మోరి దిక్కు పోకు కొడుకా. గాడు నిలబడ్డ రోజు గిసొంటిదే."

"చర్చిల ముందు వరుసల కూసుంటవు. నీకు గూడ దెయ్యమేనా?"

"ప్రభువు దెయ్యాలను ఎల్లగొట్టిండని చదువుతలేరా? లేకుంటే ఎవలను ఎల్లగొట్టినట్టురా?"

బాలస్వామి గేరు మార్చాడు. కానీ ఆ మాట చెవిలో పడింది. చిన్నప్పటి నుంచి విన్న కథ... జీపు వేగం తనకు తెలియకుండానే తగ్గిందని ఆయనే నాతో ఒప్పుకున్నాడు.

మూడున్నర దాటింది. దారి కిందికి దిగింది. జీపు లైట్లు మోరి నోటి మీద పడ్డాయి —

నిండా నీళ్లు. ఎర్రటి బురద నీళ్లు, సుళ్లు తిరుగుతూ.

మధ్యన... ఒకడు నిలబడి ఉన్నాడు.

బాలస్వామి బ్రేకు తొక్కాడు. ఇంజను కొట్టుకుంటోంది.

తల నుంచి తొడల దాకా తెల్లగా ఏదో కప్పుకుని ఉన్నాడు. ముఖం కనబడదు. నీళ్లు — సరిగ్గా మోకాలి దాకా. రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు... ఆపకుండా ఊపుతున్నాడు.

"యెహోవా నా కాపరి..." రాహేలమ్మ పెదవులు కదిలాయి. ఆ తర్వాతి మాట ఆమెకు గుర్తుకు రాలేదు.

వాన హోరులో అటు నుంచి ఒక ధ్వని వచ్చింది. మాట కాదు. పొడుగ్గా, లాగినట్టుగా... "ఓ— ఓ—"

"నాయినా." నిరోషా గుసగుసగా అంది. "మనిషే."

"సప్పుడు జెయ్యకు."

"గాయన రమ్మంటలేడు నాయినా. చేతులు చూడు. వద్దంటుండు. పొమ్మంటుండు."

ఆ పిల్ల గోల్‌కీపరు. ఎదుటివాళ్ల కాళ్లూ చేతులూ చూడడం మూడేళ్లుగా నేర్చుకున్నది.

"నేను జర దిగి అడుగుత. 'ఎవరు' అని ఒక్కసారి —"

ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసింది. రాహేలమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. బాలస్వామి ఒక దెబ్బ వేసి బిడ్డను వెనక్కి లాగాడు. ఆయన ఆ పిల్ల మీద చెయ్యి చేసుకోవడం అదే మొదటిసారి.

"మోకాలి లోతు చూపిస్తుండు! గదే వాని మాయ. గదే..."

ఆయన రివర్సు వేశాడు. జీపు కేకలు పెడుతూ వెనక్కి ఎక్కింది. లైట్లు మోరి నోటి నుంచి మెల్లగా జారిపోయాయి. ఆ చివరి వెలుగులో ఆ చేతులు ఊపడం ఆపి కిందికి దిగడం నిరోషా చూసింది. మళ్లీ లేచి, నోటి చుట్టూ పెట్టుకోవడం చూసింది.

తర్వాత అంతా చీకటి.

గొంతులున్న పెద్ద మనుషులు ఇద్దరు. ఒక్క మాట, "ఎవరయ్యా నువ్వు?" అని అడగడానికి ఎంత సేపు పడుతుంది? దెయ్యమైతే ఆ మాటతో పోయేదేమీ లేదు కదా. భయపడినవాడిని అందరూ జాలితో చూస్తారు. నేను చూడను.

వాళ్లు వెనక్కి వచ్చి పరిగి దారి పట్టారు. పరిగి దాటేసరికి తెల్లవారింది. పిల్లలు లేచి, రాత్రి సంగతి విని, దేవుడు కాపాడాడన్నారు. రాహేలమ్మ కూడా అదే అంది. నిరోషా మాత్రం గ్లోవ్స్ తీసి ఒడిలో పెట్టుకుంది.

పట్నం పొలిమేరలోనే జీపు ఆగింది. అక్కడి నుంచి ముందుకు రోడ్డు లేదు, చెరువే ఉంది. అపార్టుమెంట్ల మెట్ల దగ్గర బైకులు పక్కకు ఒరిగి తేలుతున్నాయి. బాలస్వామి పిల్లలను, తల్లిని వరుసగా నిలబెట్టి, ఒకరి చెయ్యి ఒకరితో పట్టించి నడిపించాడు. బూట్లు మెడలో వేసుకుని, నడుము లోతు మురికి నీళ్లలో రెండు కిలోమీటర్లు. ఒక పిల్ల ఏడ్చింది. ఎవరూ ఆగలేదు. ఎనిమిది దాటిందని నిరోషా ఒక్కతే పదే పదే అంది.

గ్రౌండ్ చేరారు.

గ్రౌండ్ లేదు. నీళ్ల మీద రెండు గోల్‌పోస్టుల అడ్డకమ్మీలు మాత్రమే కనబడుతున్నాయి. ఒకదాని మీద కాకి కూర్చుంది.

గ్యాలరీ మెట్లలో పైమెట్టు మీద వాచ్‌మన్ మొగులప్ప కూర్చుని బీడీ తాగుతున్నాడు. తడిసిన పిల్లలను చూసి లేచాడు.

"యాడికెళ్లొచ్చిన్రమ్మా మీరు? మ్యాచ్ నిన్న రాత్రే బంద్ జేసిన్రు గద."

"మళ్లెప్పుడు పెడ్తరు?" బాలస్వామి అడిగాడు.

"నీళ్లు తీసేయాలె, గడ్డి ఎండాలె... వచ్చే నెల ఆఖరుకంట."

ఇరవై రోజులు. లెక్క అందరికీ తెలుసు. నిరోషా మెట్టు మీద కూలబడింది. బాలస్వామి బిడ్డ నెత్తి మీద చెయ్యి వేశాడు. ఇంతకంటే పెద్ద దెబ్బ ఈ పిల్లకు తగలదు అనుకున్నాడట అప్పుడు.

"మీది యే ఊరు?" మొగులప్ప అడిగాడు.

"యాలాల్."

మొగులప్ప బీడీ పారేశాడు.

"యాలాలా? మరి మీ సారు కలువలేదా మీకు?"

"సారు ఈడనే ఉన్నడు గద?"

"ఈడెక్కడిది? ఫోన్లు కలుస్తలేవని రాత్రి మస్తు పరేషాన్ అయిండు. 'నేను ఫోన్ చెయ్యకపోతే వాళ్లు బయలెల్తరు, నేనే గట్ల చెప్పొచ్చిన' అన్కుంట తిరిగిండు. వద్దు సారూ, దారి బాగలేదంటె వినలే. దోస్తుది కారు అడిగి తీస్కొని పదకొండింటికి పోయిండు. వికారాబాద్ మీదికెళ్లి ఎదురొస్త, దారిలనే ఆపుత అన్నడు. తడుస్తడని నా తెల్ల రైన్‌కోటు గూడ ఇచ్చిన..."

వాన సన్నగా పడుతోంది.

నిరోషా తల ఎత్తింది. గొంతు పెంచలేదు.

"నాయినా... కారు ఎంత ఎత్తుంటది?"

ఇరవై ఏళ్లు బండి నడిపినవాడు. అలవాటు కొద్దీ చెయ్యి లేపి, తన రొమ్ముకు ఆనించి చూపించాడు.

"గింత ఉంటది బిడ్డా. దాని మీద —"

చెయ్యి అక్కడే ఆగింది.

దాని మీద ఒక మనిషి నిలబడితే... నీళ్లు ఆ మనిషి మోకాలికి వస్తే...

రాహేలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నిరోషా లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, వచ్చిన దారినే నీళ్లలోకి దిగి నడిచింది. మిగిలిన పిల్లలు ఆమె వెనక దిగారు.

వాళ్లు మోరి దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. ఈసారి అక్కడ వంద మంది జనం ఉన్నారు. మోరిలో మాత్రం ఎవరూ లేరు. నీళ్లు గోడల పైఅంచును తాకుతున్నాయి. నవీన్‌కుమార్ సారుకు ఈత రాదని ఆయన అన్న అక్కడ నిలబడి అందరికీ చెప్పుకుంటూ ఏడుస్తున్నాడు.

ఇంతవరకు చెప్పి బాలస్వామి ఆగాడు. నేను ఆయనను ఓదార్చలేదు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, నా ముఖం చూడకుండా ఒక్క మాట అన్నాడు.

"జీపు మీద సామాను కట్టే తాడుండె అన్నా. ముప్పై గజాలు."