పతకం వెనక వైపు

“మధ్యాహ్నం పన్నెండింటికి గిలకలదిండి హార్బర్ నుంచి ఒక బోటు కదులుతుంది రత్నరాజూ. మన తీరం రాడార్ స్టేషన్ ప్లాను అందులో విదేశీ ముఠాకి చేరుతోంది. అది పోయిందంటే సముద్రం వైపు మనకి కళ్ళు లేనట్టే.”

అవతల చీఫ్. ఏజెంట్ రత్నరాజు ఫోన్ చెవికి అదిమిపెట్టాడు. చిలకలపూడిలో ధనమ్మగారి నగల షెడ్డులో, గుడివాడ నుంచి టోకున కవరింగ్ సరుకు కొనడానికొచ్చిన షావుకారు వేషంలో కూర్చున్నాడు. చేతిలో సంచి, జేబులో కెమెరా పెన్ను. టైము పదకొండు.

“ఎలా పంపుతున్నారు సార్?”

“మెమరీ కార్డులో, నగల క్యాటలాగ్ ఫైలుగా. త్రీడీ బొమ్మలు. వేలు పెట్టి ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. రెండొందల పన్నెండు నగలు. ఒకదాని కడుపులో ప్లాను ఉంది. హార్బర్‌లో అరవై బోట్లున్నాయి, ఏ బోటో సుష్మితకే తెలుసు. మన మనిషే.”

“మన మనిషేనా సార్?”

చీఫ్ గొంతు తగ్గించాడు. “వాళ్ళ మనిషి కూడా.”

ఫోన్ పెట్టాడో లేదో సుష్మిత రానే వచ్చింది. నల్లకళ్ళద్దాలు, జార్జెట్టు చీర, చెవులకి ఊగే బుట్టకమ్మలు. సెంటు వాసన ఆమెకంటే ముందే లోపలికి వచ్చింది. ఒక ట్యాబ్ అతని ఒళ్ళో పెట్టింది.

“ఫైలు కాపీ, రాజుగారూ. ప్లాను నలభయ్యో నంబరు వడ్డాణంలో ఉంది. పాస్‌వర్డ్ వేశారు, నాకు తెలీదు. కార్డు ఎర్రజెండా బోటులో, ఐసు పెట్టె అడుగున. మీవాళ్ళని అక్కడికి పంపండి.”

“అన్నీ మీరే చెప్పేస్తున్నారే!”

“నన్ను నమ్మరా?”

“నమ్మడానికి నాకు జీతం ఇవ్వరండీ.”

నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. రత్నరాజు వడ్డాణం నొక్కాడు. పాస్‌వర్డ్ అడిగింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అడిగింది. మనవాళ్ళకి ఎర్రజెండా బోటు సంగతి ఫోన్‌లో చెప్పాడు. ఆమె చెప్పింది నిజమైతే సరే. అబద్ధమైతే? మనవాళ్ళు ఎర్రజెండా బోటు తవ్వుతుంటే అసలు బోటు దర్జాగా వెళ్ళిపోతుంది.

“ఏదీ, ఇలా ఇవ్వు బాబూ,” అని ధనమ్మగారు ట్యాబ్ లాక్కున్నారు. అత్తగారి హయాం నుంచీ రేకు కొట్టిన చెయ్యి. హారాలూ వంకీలూ ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, “ఇది మా వీరమ్మ అచ్చు. ఇదేమో గూడూరు పెళ్ళికి చేసింది” అని పాత లెక్కలన్నీ చెప్పుకుపోతున్నారు. రత్నరాజు గడియారం వంకే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి ఆవిడ వేలు ఆగింది. “ఈ పతకం ఎవడు చేశాడయ్యా? వెనక మూసేశాడు!”

“మూస్తే ఏమైందండీ?”

“అచ్చు మీద రేకు పెట్టి కొడతాం. ముందు ఉబ్బితే వెనక గుంట పడాల్సిందే. మా ఊళ్ళో వెనక మూసే మొనగాడు ఇంకా పుట్టలేదు. అంత రేకు ఎవరు తగలేస్తారు?”

రత్నరాజు పతకాన్ని అడ్డంగా కోసి చూపించే బటన్ నొక్కాడు. తెర మీద బంగారం రెండుగా చీలింది. లోపల గోడలు, మెట్లు, రాడార్ గది! ప్లాను పతకంలో ఉంది. వడ్డాణం ఒట్టి ఎర. అంటే ఎర్రజెండా బోటు కూడా!

మనవాళ్ళని అక్కడ వెతకడం ఆపొద్దనీ, కోస్ట్‌గార్డ్‌ని మాటు వేసి ఉండమనీ ఫోన్‌లో చెప్పి స్కూటర్ తీశాడు. “ఆ పలక తిప్పడం నీకు చేతకాదు, నేనూ వస్తా” అని ధనమ్మగారు వెనక ఎక్కేశారు.

పన్నెండుకి రెండు నిమిషాలు. గిలకలదిండి. ఎర్రజెండా బోటులో మనవాళ్ళు చేపలూ ఐసూ కలిపి తోడిపోస్తున్నారు. “ఇంకా అడుక్కి చూడండి!” అని ఒడ్డునుంచి పురమాయిస్తోంది సుష్మిత. రత్నరాజు బోటు వైపు చూడలేదు. ఆమెనే చూశాడు.

ఆమె ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. ఆమె వెనకున్న ఒక నీలం బోటు తాడు విప్పేశారు, ఇంజను అందుకుంది. ఆమె ఎడమ చెవి బుట్టకమ్మ తీసి బోటువాడి వైపు చెయ్యి చాపింది. వాడి వేళ్ళకి జానెడు దూరంలో రత్నరాజు ఆ మణికట్టు పట్టుకున్నాడు. బుట్టకమ్మ అతని అరచేతిలో పడింది. గోటితో తెరిస్తే లోపల మెమరీ కార్డు!

“వెతకాల్సింది అక్కడ, రాజుగారూ!” అని ఇంకా బుకాయించింది సుష్మిత.

“వెతికేవాళ్ళు వెతుకుతున్నారు లెండి.”

విజిల్ వేశాడు. కోస్ట్‌గార్డ్ పడవ నీలం బోటుకి అడ్డం తిరిగింది. సుష్మిత చేతులకి బేడీలు పడ్డాయి. ఆమె విసురుగా గుంజుకుంటుంటే ధనమ్మగారు దగ్గరికెళ్ళి, బేడీలు తడిమి చూసి, జాలిగా చెప్పారు.

“గుంజకమ్మా, చెయ్యి గీసుకుపోతుంది. ఎన్నేళ్ళు పెట్టుకున్నా రంగు పోని సరుకిది.”