ఇత్తడి పళ్ళ తలుపు

మనిషిని చంపడానికి ఆ రోజు ఒక పూలగుత్తి సరిపోయింది.

ఆస్పత్రి కారిడార్లో ఓ ఆసామి పూలగుత్తి పట్టుకుని నడిచి వెళ్ళాడు. ఎవరినీ పలకరించలేదు, ఏ గదిలోకీ తొంగి చూడలేదు. అతను లిఫ్టు ఎక్కేలోగా, ఆపరేషనై కోలుకుంటున్న ఒక రోగి ప్రాణం పోయింది. నరంలోకి చుక్కచుక్కగా మందు ఎక్కించే పంపు ఆగిపోయింది. పంపు ఆగితే గగ్గోలు పెట్టాల్సిన అలారం కిక్కురుమనలేదు. చనిపోయినవాడు సీక్రెట్ సర్వీసులో శత్రువుల సంకేతాలు విప్పే నిపుణుడు.

"పూలగుత్తిలో ట్రాన్స్‌మిటర్ ఉంది," అన్నాడు చీఫ్ మర్నాడు పొద్దున్న. "ఏదో ఒక ఫ్రీక్వెన్సీ తగిలితే ఈ పంపు చప్పుడు చెయ్యకుండా ఆగిపోతుంది. విదేశీ ముఠా పని. పంపులమ్మిన కంపెనీ కూడా వాళ్ళదే."

"అయితే అన్నీ పీకి పారెయ్యమనండి సార్!" అన్నాడు ఎదురుగా నిలబడ్డ ఏజెంటు.

"ఎలా పీకిస్తానయ్యా? పంపు ఈ.ఎమ్.సి. టెస్టు పాసైంది. చుట్టూ ఎన్ని రేడియో తరంగాలున్నా పని ఆగదని లాబ్ సర్టిఫికెట్ ఇచ్చింది. రుజువు చూపిస్తే తప్ప ఆస్పత్రి వాళ్ళు కదలరు."

"సర్టిఫికెట్టు! దాన్ని రోగి నాలిక కింద పెడితే గుండె కొట్టుకుంటుందా?"

అతను బల్ల మీద గుద్దిన గుద్దుకి చీఫ్ కాఫీ కాస్తా ఫైళ్ళ మీద ఒలికింది. ఈ ఏజెంటుకి డిపార్ట్‌మెంటు పెట్టిన కోడ్ నేమ్ 'మంచుగడ్డ'. ఆఫీసుల్లో హాస్యానికేం లోటు! కానీ ఆ వేళ అతని కోపం ఊరికే వచ్చింది కాదు. అమ్మ పోయాక తనని చంకనేసుకుని పెంచిన అక్క గుండె ఆపరేషనై అదే ఆస్పత్రిలో ఉంది. ఆమె ప్రాణం అలాంటి పంపు మీదే నడుస్తోంది. తీసేస్తే మందు ఆగిపోతుంది. ఉంచితే ఏ పూలగుత్తి ఎప్పుడొస్తుందో తెలీదు.

"చచ్చిపోయినవాడి పంపు ఇదిగో," అన్నాడు చీఫ్ చెయ్యి తుడుచుకుంటూ. "ఆడిటర్ వేషంలో లాబ్‌కెళ్ళి మళ్ళీ టెస్టు చేయించు. కంపెనీ తరఫున వచ్చే సేల్స్ ఆఫీసర్ మన మనిషే. కోడ్ నేమ్ 'నెమలి'. 'మీ వాచీ ఆగిందా?' అని అడుగు. 'బ్యాటరీ మార్చాలి' అంటుంది."

నెరిసిన విగ్గు, దళసరి కళ్ళద్దాలు, పెన్నులో కెమెరా. విగ్గు దురదతో అతని కోపం రెట్టింపైంది.

లాబ్ మధ్యలో ఇనపగది. గోడల నిండా మొనదేరిన నల్లటి స్పాంజి ముక్కలు. లోపల ఎంత సిగ్నల్ వదిలినా బయటికి రాదు, బయటిది లోపలికి పోదు. మందపాటి తలుపు చుట్టూ, కింద గడప మీదా, దువ్వెన పళ్ళలాంటి సన్నటి ఇత్తడి రేకులు. మంచుగడ్డ పంపు పట్టుకుని ధుమధుమలాడుతూ లోపలికి నడిచాడు. కాలి కింద ఏదో కరకరలాడింది.

"కళ్ళు నెత్తికెక్కాయా!" అని అరిచాడు టెస్ట్ ఇంజనీరు. నున్నటి గుండు, చెవిలో పెన్సిలు. "ఆ పళ్ళ మీద కాలు పెడతారా? ఒక్కటి వంగినా సిగ్నల్ బయటికి కారిపోతుంది. దాటి రండి, దాటి!"

మంచుగడ్డ పళ్ళు పటపట కొరుకుతూ పంపుని బల్ల మీద పెట్టాడు. ఇంజనీరు గొట్టం తగిలించాడు. గ్లాసులో నీళ్ళు చుక్కచుక్కగా పడసాగాయి. గోడమీద కెమెరా దాన్నే చూస్తోంది.

బయటికొచ్చేసరికి ఎర్ర సూటులో, ఎత్తు మడమల చెప్పుల్లో ఓ ఆవిడ నిలబడి ఉంది. అలాంటి అందాన్ని చూశాక సగంమంది మగాళ్ళకి ఇంటి అడ్రసు గుర్తుండదు.

"మీ వాచీ ఆగిందా?"

"బ్యాటరీ మార్చాలి," అని నవ్వి, గొంతు తగ్గించింది. "ఆ గుండాయనే. లంచం తిని పాస్ చేశాడు. నాకు ఈ టెస్టులూ గిస్టులూ తెలీవు గానీ, డబ్బు చేతులు మారడం కళ్ళారా చూశాను."

అంతే! మంచుగడ్డ ఒక్క అంగలో వెళ్ళి ఇంజనీరు కాలర్ పట్టుకున్నాడు. "మనుషుల ప్రాణాలు అమ్ముకుంటావురా?"

గుండాయన బెదరలేదు, పైగా మండిపడ్డాడు. "నోరు జాగ్రత్త! వాళ్ళిచ్చిన పంపు నిక్షేపంగా పాసైంది. నాకిచ్చిన పంపూ ఆస్పత్రికి అమ్మిన పంపూ ఒకటేనని ఎవడు చెప్పాడు? ఇక్కడ చూపించేదానికి లోపల తరంగాల్ని ఆపే రాగి తొడుగేసి, అమ్మేదానికి పీకేస్తే నేనేం చెయ్యను?"

మంచుగడ్డ పట్టు సడలింది.

"ఎందుకొచ్చిన గొడవ," అందావిడ. "ఆ పంపేదో నేనూ ఓసారి చూస్తాను. ఇలాంటి గది నా జన్మలో చూడలేదు."

చూడలేదన్న మనిషి మాటల్లోనే తలుపు దగ్గరికి వెళ్ళింది. కిందికి చూడనైనా లేదు. ఆ చెప్పులతో, ఇత్తడి పళ్ళకి తగలకుండా, కాలెత్తి గడప దాటేసింది. ఏళ్ళ తరబడి ఇలాంటి గదుల్లో పని చేసినవాళ్ళ కాలికి తప్ప ఆ అలవాటు రాదు.

మంచుగడ్డ ఒళ్ళు భగ్గుమంది. ఈసారి అతనూ గడప దాటాడు.

"ఎన్నేళ్ళు చేశావమ్మా లాబ్‌లో?"

ఆమె నవ్వు మాయమైంది. పంపు మీంచి చెయ్యి తీసి, సంచీలోంచి లిప్‌స్టిక్ బయటికి లాగింది. "తెలివైనవాడివే. తప్పుకో. ఇందులోదీ పూలగుత్తి ఫ్రీక్వెన్సీయే. నొక్కితే గేటు బయట వ్యానులో ఉన్న మావాడికి సిగ్నల్ అందుతుంది. మీ అక్క మంచం కింద నిన్ననే బాక్సు పెట్టించాం. మిగతాది వాడు చూసుకుంటాడు."

"అక్క జోలికొస్తే..." అని అరిచాడు. వెనక్కి దూకి, లోపల్నించే తలుపు లాగి మూసి, బలమంతా ఉపయోగించి పిడి తిప్పాడు. ఇత్తడి పళ్ళు కిర్రుమని బిగుసుకున్నాయి.

ఆవిడ పకపకా నవ్వింది. "ఇందాక వాటిని తొక్కింది నువ్వే కదటయ్యా! గుండాయన తిట్లు బయటికి వినపడ్డాయిలే. నీ అరికాలే మీ అక్కని చంపుతుంది." నొక్కేసింది.

బల్ల మీద పంపు ఆగిపోయింది. గ్లాసులో చుక్క పడలేదు. అలారం మోగలేదు. అచ్చం ఆస్పత్రిలో ఆగినట్టే. మంచుగడ్డకి జీవితంలో మొదటిసారి కోపం బదులు భయం వేసింది. అక్క చెయ్యి, ఆ చేతికి సూది, సూదికి గొట్టం కళ్ళముందు కదిలాయి.

గోడలో స్పీకరు గరగరమంది. "ఆడిటర్ గారూ! మీరు తొక్కిన పళ్ళు మీ వెనకే సరిచేశాను, మిమ్మల్ని తిట్టుకుంటూనే. బయట మీటరు సూది మెదల్లేదు, చిటికెడు సిగ్నల్ కూడా రాలేదు. పంపు ఆగడం కెమెరాకెక్కింది, లోపలి యాంటెన్నా ఫ్రీక్వెన్సీ పట్టేసింది. కాలర్ నలిపిన సంగతి మాత్రం తర్వాత తేలుద్దాం."

మంచుగడ్డ ఆమె చేతిలోంచి లిప్‌స్టిక్ లాక్కుని, అదే చేత్తో తన విగ్గు పీకి నేలకేసి కొట్టాడు. "మా జీతం తింటూ మా ప్రాణాలు తీస్తావా?" అని అరిచిన అరుపుని స్పాంజి గోడలు మింగేశాయి. కనీసం ప్రతిధ్వనైనా రానందుకు అతనికి ఇంకా మండింది.

వ్యానులో మనిషిని చీఫ్ బలగం పట్టుకుంది. మంచం కింద బాక్సు దొరికింది. ఆస్పత్రి వాళ్ళు స్టోర్లోని పాత పంపులు దుమ్ము దులిపి తగిలించారు. నిన్నటిదాకా కుదరదన్న పెద్దమనుషులే ఇవాళ పరుగులు పెట్టారట. ఆ మాట విని మంచుగడ్డ ఫోన్లోనే వాళ్ళ వంశాన్నంతా కడిగేశాడు. తర్వాత గుండాయన ముందు నిలబడి, నలిగిన కాలర్ని తన చేత్తోనే సరిచేశాడు.

ఇంతలో మళ్ళీ ఫోను మోగింది. అక్క.

"ఎక్కడ చచ్చావురా? ఎన్నిసార్లు చేసినా తగలదేం?"

ఆ నీరసపు గొంతులో తిట్టు వినగానే అతని కళ్ళు చెమర్చాయి. "సిగ్నల్ లేని చోట ఉన్నానక్కా."

"బుద్ధున్నవాడెవడైనా అలాంటి చోటికి పోతాడా?"

"పోడక్కా," అంటూ మంచుగడ్డ, కాలికింద ఏమీ లేకపోయినా, లాబ్ వీధి గుమ్మాన్ని కూడా కాలెత్తి దాటాడు.