నిమిషానికి అరవై నాలుగు

పొద్దున్నే కట్టెల పొయ్యి మీద ఎసరు పెట్టి, ద్వాళి కొడుకు దగ్గరికి వచ్చింది. ఎనిమిది నెలల పిల్లాడు. రొమ్ము నోటికందించినా పట్టడం లేదు. రెండు రోజులుగా జలుబూ జ్వరమూ. ఇప్పుడు ఊపిరాడక డొక్కలెగరేస్తున్నాడు.

"అత్తా, సూర్యాపేట దవాఖానకు తీస్కపోదాం."

"దిష్టి తగిలింది. సాంబ్రాణి పొగ వేస్త. చందు రానియ్యి, వాడు జెప్పినట్లు జేద్దాం," అంది అత్త జమ్లీ.

ద్వాళి భర్త చందు సిమెంటు లారీ మీద వెళ్లాడు. వచ్చేది సాయంత్రమే. మోతె దగ్గరి ఆ తండాలో, ఆ ఇంట్లో, జమ్లీ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

ద్వాళి వెళ్లి ఆశా కార్యకర్త జానమ్మను పిలుచుకొచ్చింది. జానమ్మ పిల్లాడి చొక్కా పైకి జరిపి, ఫోన్లో గడియారం పెట్టి, నిమిషం పాటు కదలకుండా పొట్ట వంకే చూసింది.

"అరవై నాలుగు సార్లు ఊపిరి తీసిండు. ఈ వయసుకు యాభై దాటొద్దు. నిమోనియా లెక్కుంది జమ్లక్కా. పిల్లగాన్ని ఈ పొగల ఉంచకుండ్రి. నేను అంబులెన్సుకు ఫోన్ జేస్తున్న."

మిషన్ లేదు, సూది లేదు. ఉత్త కళ్లతో చూసి లోపలేముందో చెప్పేసింది. ద్వాళి పిల్లాడిని చంకనెత్తుకుని గడప వైపు నడిచింది.

జమ్లీ గడపకు అడ్డంగా నిలబడింది. "చందు రాకుండ ఎవ్వరూ కదిలేది లేదు."

"జర పక్కకు జరుగు అత్తా." ద్వాళి కాళ్లు ఆగలేదు. "సాయంత్రం దాకా వీడు ఉంటడని నువ్వు జెప్పు, నేనీడనే కూసుంట."

జమ్లీ పిల్లాడి వంక చూసి, పక్కకు జరిగింది. అంబులెన్స్ రాగానే తనే ముందెక్కి కూర్చుంది.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకో పూట ఆగితే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. మూడో రోజు పొద్దున పిల్లాడు కళ్లు తెరిచి రొమ్ము పట్టాడు. గుటక గుటకకూ ఆ చప్పుడు వింటూ ద్వాళి కదలకుండా కూర్చుంది. అంత చిన్న ఒంట్లోకి అంత ప్రాణం ఎట్లా తిరిగొచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

జమ్లీ మంచం పక్కన నేల మీద కూలబడింది.

"చందుకు ముందు నాకు ఇద్దరు పుట్టిన్రు. ఇద్దరూ ఇట్లనే డొక్కలెగరేసిన్రు. మీ మామ రానియ్యి అని కూసున్న. ఇద్దరూ దక్కలే. ఇన్నేండ్లు దిష్టనే అనుకున్న. దిష్టి కాకపోతే... నేనేనా బిడ్డా?"

ఆ ఇద్దరి సంగతి ద్వాళికి ఇన్నాళ్లూ తెలియదు. కిందికి దిగి అత్త పక్కనే కూర్చుంది.

"ఊపిరి సూసి చెప్పెటోళ్లు అప్పుడు మన తండల ఉన్నరా అత్తా?"

"ఎవ్వరు లేరు."

"మరి నీ తప్పెట్లయితది? వాళ్ల పేర్లేంది?"

జమ్లీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఎవరూ అడగలేదు.

"సోమ్లా," అంది. కొంగుతో కళ్లొత్తుకుని, "సక్రీ."

ద్వాళి ఆ రెండు పేర్లనూ మెల్లగా పలికింది, జమ్లీకి వినబడేలా.